బాపట్ల–చీరాల తీరాన ఎండకాలం ఇల్లు: కొనేముందు ఏమేం చూడాలె?

నక్కలగుట్ట (హన్మకొండ)
అందరికి నమస్తే. ఐదు కుటుంబాలం కలిసి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉండటానికి సముద్రం దగ్గర ఇల్లు చూస్తున్నం. చేతిల రెండు బేరాలున్నయి. ఒకటి, ఆరేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌ల రెండు ఫ్లాట్లు, తీరానికి రెండున్నర కిలోమీటర్ల దూరం. రెండోది, తీరానికి 350 మీటర్ల దూరంల ఐదు సెంట్ల స్థలం. సరుగుడు తోట పక్కనే, చూస్తే మనసు ఆగదు. సీఆర్‌జడ్ (తీరం పొంటి కట్టడాలను కట్టడి చేసే నియమాలు) తలనొప్పి లేదని అమ్మేటాయన అంటున్నడు. కాగితాలు, నీళ్లు, కట్టుబడి, అక్కడి ఎండకాలం సంగతులు తెలిసినోళ్లు వివరంగ చెప్పండి. బడ్జెట్ 60 లక్షలు.

మానేరుగట్టు (కరీంనగర్)
ముందుగాల కొలతలు. మన గుంట 121 గజాలు, అక్కడి సెంటు 48.4 గజాలు. ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే సరిగ్గ రెండు గుంటలు. బేరం గజాల్లో మాట్లాడుకుంటేనే లెక్క తప్పదు.

ఇంక 350 మీటర్ల ముచ్చట. సముద్రపు పోటు గీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా సీఆర్‌జడ్ కిందికే వస్తది. గ్రామీణ తీరమైతే 2011 నోటిఫికేషన్ ప్రకారం మొదటి 200 మీటర్లు కట్టడాలు నిషిద్ధం. 200 నుంచి 500 మధ్యల అనుమతి ఉన్నా, అది ముఖ్యంగ అక్కడ తరతరాలుగ ఉంటున్నోళ్ల ఇళ్ల కోసం. ఎత్తు 9 మీటర్లు దాటొద్దు, కిందొకటి పైనొకటి రెండంతస్తులే. 2019 నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న ఊళ్లకు 200ను 50 మీటర్లకు తగ్గించింది. కానీ కొత్త మ్యాపుకు ఆమోదం వచ్చేదాకా పాత మ్యాపే చెల్లుతది. కాబట్టి "కొత్త రూలొచ్చింది సార్" అన్న మాట మీద అడ్వాన్స్ ఇయ్యకండి. ఆ సర్వే నంబరు ఏ మ్యాపుల ఏ గీతకు ఎటువైపు ఉన్నదో కాగితం మీద చూపెట్టమనండి.

చీరాల నేత (చీరాల)
ఒక మాట కలుపుతానండి. పోటు గీత అంటే మీరు నిలబడినప్పుడు అల తాకిన చోటు కాదు. మ్యాపులో గీసిన గీత అది. పైగా సముద్రం ఒక్కటే కాదు, పోటు నీరు వచ్చే వాగులూ కాలువలూ ఉన్న చోట వాటి గట్ల వెంట కూడా సీఆర్‌జడ్ వర్తిస్తుంది. బీచి నుంచి కిలోమీటరు దూరంలో ఉన్నాం అనుకున్న ప్లాటు వెనక కాలువ ఉండి ఇరుక్కుపోవడం ఇక్కడ మామూలే.

సూర్యలంక వైపు చూస్తుంటే మరో సంగతి. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది. ఆ చుట్టుపక్కల కట్టడానికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలా వద్దా అన్నది పంచాయతీలో నోటి మాటగా కాకుండా రాతపూర్వకంగా తెలుసుకోండి.

నక్కలగుట్ట
మరి మన దగ్గర లెక్క ధరణి, భూభారతి చూసినట్టు అక్కడ ఏం చూడాలె?

మానేరుగట్టు
అక్కడ మీభూమి పోర్టల్. మన పహాణీని వాళ్లు అడంగల్ అంటరు. 1-బీ ఖాతా (ఒక్కో యజమాని పేరున ఉన్న భూముల లెక్క) దాంతోపాటే చూడాలె. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) ఏపీ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ల 1983 నుంచి దొరుకుతది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకే పోవాలె. ఇక్కడ పెద్ద గుంత ఒకటున్నది. రీసర్వే అయిన ఊళ్లల్ల పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (కొత్త భూమి పటం) నంబరు వచ్చింది. కొత్త నంబరుతోనే ఈసీ తీస్తే పాత లావాదేవీలు కనపడయి. "ఏ భారం లేదు" అని తెల్ల కాగితం చేతికొస్తది, మనం సంబురపడ్తం. రెండు నంబర్లతోటి, డాక్యుమెంటు నంబరుతోటి, ఇంటి నంబరుంటే దానితోటి కూడ వేర్వేరుగ తీయించుండ్రి.

22-ఏ జాబితా తప్పక చూడాలె. రిజిస్ట్రేషన్ నిషేధం ఉన్న భూములు అండ్ల ఉంటయి: అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్, పోరంబోకు. తీరం పొంటి డీ-పట్టా భూములు, అంటే పేదలకు సర్కారు అసైన్ చేసినయి, మస్తు. 1977 చట్టం ప్రకారం వాటి అమ్మకం చెల్లదు. తర్వాత కొన్నిటికి సడలింపు ఇచ్చిండ్రు గానీ అది అసలు పట్టాదారుకు, 20 ఏళ్లు దాటినంక, షరతులతోటి. మధ్యల చేతులు మారిన భూమికి ఆ మాట చెప్తే నమ్మకుండ్రి. చుక్కల భూమి (పాత రికార్డుల యజమాని పేరు కాడ చుక్కలే ఉన్నది) అన్న మాట వినపడితే లాయరు ఫీజుకు వెనకాడొద్దు.

లెక్కలక్క (వరంగల్)
ఖర్చు సంగతి నేను చెప్తా. ఆంధ్రలో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 60 లక్షలకు నాలుగున్నర లక్షలు పక్కకు పెట్టుకోవాలి. అంటే మీ 60లో ఇంటికి మిగిలేది 55 చిల్లరే. బ్యాంకు లోన్ 30 నుంచి 75 లక్షల మధ్య అయితే ఆస్తి విలువలో 80 శాతం దాకే, స్టాంపు ఖర్చు అందులోకి రాదు.

ఇంకోటి, ఐదుగురు కలిసి కొనేవాళ్లు పడే పొరపాటు. ఆస్తి విలువ 50 లక్షలు లేదా అంతకు మించితే కొన్నవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి అమ్మినవాళ్ల పాన్ మీద కట్టాలి. "మా ఒక్కొక్కరి వాటా 12 లక్షలే గదా" అంటే కుదరదు. 2024 అక్టోబరు నుంచి అందరి వాటాలూ కలిపిన మొత్తమే లెక్క. కోయకుంటే వడ్డీ, జరిమానా కొన్నవాళ్ల నెత్తినే.

ఖిల్లా సివిల్ (వరంగల్)
టీడీఎస్ అంటే బోరు నీళ్ల ఉప్పు ముచ్చట అనుకున్న అక్కా. అదీ వస్తది, ఆగుండ్రి.

అపార్ట్‌మెంట్ సంగతి చూద్దాం. ఆరేళ్ల పాతది అంటున్నరు. రెరా (రియల్ ఎస్టేట్ చట్టం) కింద నిర్మాణ లోపాలకు బిల్డర్ బాధ్యత స్వాధీనం ఇచ్చిన నాటి నుంచి ఐదేళ్లు. అది అయిపోయింది. ఇప్పుడేం బయటపడ్డా ఖర్చు మీదే. కాబట్టి కొనేముందే కింది నుంచి పైదాకా చూడాలె.

సముద్రగాలిల ఉప్పు, అంటే క్లోరైడ్, కాంక్రీటుల నుంచి మెల్లగ లోపలికి పోయి ఇనుమును తాకుతది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడ్తది. దీనికి అడ్డం రెండే: చిక్కటి కాంక్రీటు, ఇనుము మీద సరిపడ కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలికి నేరుగ ఎదురయ్యే కాంక్రీటుకు ఎం30 గ్రేడు, కవర్ 45 మిల్లీమీటర్లు, నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటొద్దు. నీటి తుంపర పడేచోట ఎం35, 50 మిల్లీమీటర్లు. మన వరంగల్ల చిన్న అపార్ట్‌మెంట్లకు ఎం20, 25 కవరుతోటి సరిపెట్టే అలవాటును అక్కడికి మోసుకపోయిన మేస్త్రీలు చాలమందే ఉన్నరు.

కండ్లతోటి చూసేది: బాల్కనీ కిందివైపు, సన్‌షేడ్ అంచు, మెట్ల కింద, పైన వాటర్ ట్యాంకు మోసే దూలాలు. గోధుమ రంగు చారలు కారినయా? కడ్డీ పొంటే నిలువుగనో అడ్డంగనో తిన్నటి పగుళ్లున్నయా? తాళంచెవితోటి కొడితే డొల్ల మోత వస్తుందా? పాత సీలింగుల ఒక్క చోట కొత్త ప్లాస్టరు, కొత్త సున్నం కనపడితే దాని వెనక ఏదో దాచినట్టే. స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకపోతే కవర్ మీటరు (కవర్ మందం కొలిచేది), హాఫ్ సెల్ (లోపలి తుప్పు సంగతి చెప్పేది) పరీక్ష చేయించుండ్రి. రీబౌండ్ హామర్ ఒక్కటే కొట్టి "బలంగ ఉన్నది" అంటే చాలదు. అది పై పొర గట్టిదనం చెప్తది గానీ లోపల తుప్పు సంగతి చెప్పదు.

బొగ్గుబావి (మంచిర్యాల)
కొత్తగ కట్టుకుంటే సల్ఫేట్ రెసిస్టింగ్ సిమెంటు వాడమంటరు కదా?

ఖిల్లా సివిల్
అందరు చెప్పే తప్పు అదే తమ్మీ. అది సల్ఫేటుకు ఆగుతది. క్లోరైడుకు మామూలు సిమెంటు కన్న బలహీనం, ఎందుకంటే క్లోరైడును పట్టి ఉంచే భాగమే అండ్ల తక్కువ. తీరంల స్లాగ్ సిమెంటు, లేకుంటే ఫ్లైయాష్ కలిసిన పీపీసీ మేలు. కానీ రెండిటికి క్యూరింగ్ ఎక్కువ రోజులు కావాలె. పది రోజులకు తగ్గొద్దు. కలిపే నీళ్లల్ల క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే ఎండకాలం అక్కడి బోరు నీళ్లు చాల చోట్ల పనికిరావు. ట్యాంకరు ఖర్చు ఎస్టిమేట్ల రాయించుండ్రి. ఇసుక ఎక్కడి నుంచి వస్తుందో కండ్లార చూడాలె. బీచి పక్కనే ఇసుక ఊరకనే ఉన్నదని దాన్నే తెచ్చి పోసే ఘనులు ఉంటరు.

చీరాల నేత
నీళ్ల సంగతి నేను చెబుతానండి, మా ప్రాంతంలో ఇల్లు కొనడమంటే సగం అదే. ఇక్కడ ఇసుక నేల. వాన నీరు ఇసుకలోకి దిగి ఉప్పునీటి మీద మంచినీటి పొరలా తేలుతుంది. ఆ పై పొరను తోడుకోవడానికే మా వాళ్లు దొరువులు తవ్వేవారు, లోతు తక్కువగా. ఇప్పుడు ఫిల్టర్ పాయింట్లు, అంటే ఇసుకలోకి దింపే జాలీ గొట్టాలు, వేస్తారు. మీ వైపు నీళ్లు పడకపోతే ఇంకా లోతుకు వేస్తారు కదా, ఇక్కడ లోతుకు వెళ్తే ఉప్పే. మంచినీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింది నుంచి ఉప్పునీరు నలభై అడుగుల దాకా పైకి ఎగబాకుతుందని సిద్ధాంతం. అందుకే పెద్ద మోటారు పెట్టి గట్టిగా లాగినవాడి పాయింటు ముందు చెడిపోతుంది, పక్కవాడిదీ చెడుతుంది. అర హార్స్‌పవర్‌తో, ఆపి ఆపి తోడుకోవాలి.

రెండోది, చుట్టూ రొయ్యల చెరువులు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ఆ ఉప్పునీరు ఇసుకలోంచి ఊటగా దిగి ఫిల్టర్ పాయింట్లలోకి వస్తుంది. చెరువు ఈ ఏడు ఖాళీగా ఉంటే సంతోషించకండి, వచ్చే ఏడు నింపుతారు.

కార్తీకంలో నోట్లో పోసుకుంటే తియ్యగా ఉన్న నీరే మే నెలాఖరుకు ఉప్పగా మారుతుంది. అమ్మేవాళ్లు వానలైపోయాకే ఇల్లు చూపిస్తారు, ఆ ఆవరణ పచ్చగా ఉంటుంది మరి. మీరు మేలో వెళ్లి నీళ్లు చూడండి. అక్టోబరు, నవంబరులో వాయుగుండం పట్టిన మూడో రోజు వెళ్లి కప్పు చూడండి. ఈ రెండుసార్లూ చూడకుండా బయానా ఇవ్వొద్దండి. 2010 మేలో లైలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్, రెండు తుపానులూ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. మిచౌంగ్ అప్పుడు ఆ వీధిలో నీరు ఎంత ఎత్తు నిలిచిందో ఎదురింటి వాళ్లను అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. దళారి చూపించడు.

బొగ్గుబావి
ఎండకాలానికే పోతరు కాబట్టి చెప్తున్న, కూలరు తీస్కపోకుండ్రి! మన దగ్గర 43 డిగ్రీలుండి గాలిల తేమ 20 శాతం ఉంటే కూలరు నుంచి 28 దాకా చల్లగాలి వస్తది. అక్కడ 36 డిగ్రీలే ఉన్నా తేమ 65 శాతం ఉంటే కూలరు గాలి 31 కన్న దిగదు. పైంగ ఇల్లంత చెమ్మ, చాపకు బూజు. ఏసీ గానీ, మంచి ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు గానీ కావాలె.

ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సముద్రం వైపు గోడకు పెట్టొద్దు. రాగి గొట్టం, అల్యూమినియం రెక్కలు, ఉప్పు చెమ్మ, మూడు కలిస్తే రెక్కలు తెల్లటి పొడి అయిపోతయి. పూత ఉన్న రెక్కల మోడల్ తీసుకోండి. స్టాండు స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టండి. ఉన్నన్ని రోజులు పదిహేను రోజులకోసారి మంచినీళ్లతోటి మెల్లగ కడగాలె, ప్రెషర్ కొట్టొద్దు. కిటికీల స్టీలు 304 అయితే గోధుమ మరకలు పడ్తయి, 316 అడగండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట ఆపేసే స్విచ్చి) 30 మిల్లీ యాంపులది తప్పనిసరి, చెమ్మకు గోడల్ల కరెంటు లీకేజీ వస్తది. ఎర్తింగ్ గుంత ఇనుప పైపు ఎన్నేండ్ల కింద వేసిండ్రో అడగండి.

నక్కలగుట్ట
తొమ్మిది నెలలు తాళమే కదా. దాని సంగతి?

బొగ్గుబావి
ఇల్లు ఖరాబయ్యేది ఆ తొమ్మిది నెలలల్లనే. ఎల్లేటప్పుడు ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు సందుకు గుడ్డ పెట్టి తెరిచే ఉంచాలె. ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగ ఛార్జ్ చేసి వైర్లు తీసెయ్యాలె. బాత్రూం జాలీల కింద ట్రాపుల నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు ఇంట్లకొస్తయి. ట్రాపు నిండ నీళ్లు పోసి పైన రెండు చెంచాల వంటనూనె పోస్తే నీళ్లు తొందరగ ఆవిరి కావు. ఓవర్‌హెడ్ ట్యాంకు వాల్వు బందు చెయ్యాలె. పరుపులు గోడకు ఆనకుండ నిలబెట్టాలె. ఇనుప తాళం కాదు, ఇత్తడిది. మనిషిని మాట్లాడుకోని పదిహేను రోజులకోసారి రెండు గంటలు కిటికీలు తెరిపిస్తే సగం రోగాలు రావు. ఆ మనిషికి ఇచ్చే పైసలు మిగిల్చుకుందామనుకుంటే రంగుకు, అల్మారలకు రెండింతలు పెడ్తరు.

లెక్కలక్క
ఇన్సూరెన్స్ మరిచిపోవద్దు. భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద కవర్ అవుతాయి. కట్టడానికే గానీ స్థలానికి కాదు. ఇల్లు వరుసగా ఖాళీగా ఉంటే వర్తించే షరతు ఏముందో సంతకానికి ముందే చదవండి. మీ ఇల్లు మూడొంతులు ఖాళీ ఇల్లే.

ఇక ఐదు కుటుంబాల సంగతి, దీన్ని ఎవరూ ఎత్తలేదు. దస్తావేజులో ఒక్కరి పేరు పెట్టి మిగతావాళ్లు నమ్మకం మీద ఉండటం వద్దు. ఎవరి వాటా ఎంత శాతమో దస్తావేజులోనే రాయించండి. సహ యజమానుల్లో ఏ ఒక్కరైనా పంపకం కోరుతూ దావా వేయొచ్చు. ఫ్లాటును కోసి పంచలేరు కాబట్టి చివరికి అమ్మకానికే పోతుంది. అందుకే వేరే ఒప్పందం రాసుకోండి: ఎవరన్నా తప్పుకుంటే ముందు మిగతా నలుగురికే అమ్మాలి, ధర ఎట్లా కట్టాలి, ఎన్ని నెలల్లో పైసలివ్వాలి. మే రెండు, మూడో వారాలు ఎవరివి అన్నది కూడా అందులోనే ఉండాలి. ప్రతి ఏడూ ఒక వారం ముందుకు జరుపుకుంటూ పోతే గొడవ ఉండదు.

ఖిల్లా సివిల్
అక్కా, నా సలహా అయితే కొననే వద్దు. మూడు నెలలకు కిరాయి తీసుకుంటే అయిపోతది కదా.

లెక్కలక్క
లెక్క ప్రకారం నువ్వన్నదే నిజం. కానీ వాళ్లు అడిగింది కొనడం గురించి. ఒక ఎండకాలం అదే అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉండి చూస్తే మాత్రం నీళ్లు, పక్కింటివాళ్లు, అసోసియేషన్ అన్నీ తెలుస్తాయి. ఆ కిరాయిని ఇల్లు చూసినందుకు ఫీజనుకోవాలి.

చీరాల నేత
అసోసియేషన్ అన్నారు కాబట్టి. ఏడాదంతా ఉండేవాళ్లకూ వేసవికి వచ్చేవాళ్లకూ పడనిది ట్యాంకర్ బిల్లు దగ్గరేనండి. మేలో వాడకం రెట్టింపవుతుంది, ఆ బిల్లు చదరపు అడుగుల లెక్కన అందరికీ వేస్తారు, ఉండేవాళ్లు మండిపడతారు. ఫ్లాటుకో నీటి మీటరు ఉందా, కార్పస్ సొమ్ము (ఫ్లాట్ల వాళ్లందరి నిర్వహణ నిధి) బిల్డర్ నుంచి అసోసియేషన్ ఖాతాలోకి వచ్చిందా, బంధువులకు, అద్దెకు ఇచ్చుకోవడం మీద నియమాలేమిటి, ఈ మూడూ గత రెండేళ్ల మీటింగు మినిట్స్‌లో చూడండి. కొన్నాక పిల్లల్ని మేడ మీదికి పంపేముందు పిట్టగోడ ఎత్తు కూడా.

వేసవి సంగతులు కొన్ని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు చేపల వేట నిషేధం. మీరు వచ్చేదే ఆ రోజుల్లో. చౌకగా సముద్రపు చేప తిందామనుకుంటే కుదరదు. తెడ్డు పడవల వాళ్లు తెచ్చే కాసిని, లేదంటే చెరువు చేప, రొయ్య. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే ప్రాణం లేచివస్తుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి గట్టిగా వీచిన రోజు అది తిరగదు, అప్పుడు ఇక్కడా 42 దాటుతుంది. ఆవకాయ మీ ఊళ్లోనే కలిపి తెచ్చుకోండి, ఇక్కడి చెమ్మకు ఉప్పు నీరుకారుతుంది. వడియాలు పొద్దున్నే పెట్టి సముద్రపు గాలి తిరగకముందే తీసేయాలి.

స్నానాలకు దిగేముందు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే అలల హెచ్చరిక చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడో దూరాన పుట్టిన ఉప్పెన అలలు ఇక్కడ గాలి లేకుండానే ఎగసి వస్తాయి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నీరు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది, పిల్లలు దిగేది అక్కడే. లాగితే ఒడ్డుకు ఎదురీదకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. కార్తీక పౌర్ణమికి మాత్రం అటువైపు ఇల్లు చూడటానికి రావద్దు, రోడ్డు మీద కారు కదలదు.

కాజీపేట జంక్షన్
రాకపోకల గురించి ఒక్క ముక్క. చెన్నై లైన్ల చీరాల, బాపట్ల రెండూ ఉంటయి. రైలు మార్గంల వరంగల్ నుంచి చీరాల సుమారు 300 కిలోమీటర్లు, విశాఖ దాంట్ల దాదాపు రెండింతలు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే. పిల్లల పరీక్షల ఆఖరి రోజు తెలియంగనే బుక్ చెయ్యాలె. అన్ని రైళ్లు రెండు స్టేషన్లల్ల ఆగయి, ఇల్లు ఏ ఊరికి దగ్గరో చూస్కోని కొనండి. కారైతే తీరం పొంటి 216 హైవే ఉన్నది.

నక్కలగుట్ట
350 మీటర్ల స్థలం పక్కన పెట్టినం. ఫ్లాట్ల కోసం మే నాలుగో వారం పోతున్నం. నీళ్ల శాంపిల్ ఎట్ల తీసుకోవాలె? నీళ్లల్ల ఉప్పు కొలిచే, చేతిల పట్టే చిన్న మీటరు చాలా?

ఖిల్లా సివిల్
మీటరు మొదటి అంచనాకు చాలు. లీటరుకు మిల్లీగ్రాముల లెక్కన 500 లోపుంటే బాగు, 2000 దాటితే తాగునీటి ప్రమాణాల హద్దు దాటినట్టే. కానీ మీటరు మొత్తం లవణాలే చెప్తది, క్లోరైడు ఎంతో చెప్పదు. ల్యాబుకు ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకపోండి. ట్యాంకు కింది నల్లా నుంచి పట్టొద్దు, అండ్ల మున్సిపల్ నీళ్లో ట్యాంకర్ నీళ్లో కలిసి ఉంటయి. మోటారు దగ్గరి పైపు నుంచే పట్టాలె. మోటారు పావుగంట నడవనియ్యండి, అదే నీళ్లతోటి సీసా మూడుసార్లు కడగండి, గాలి లేకుండ అంచుదాకా నింపి మూత బిగించండి. సీసా మీద తేదీ, టైము, ఫ్లాటు పేరు రాయండి. గంట తర్వాత మోటారు ఇంకా నడుస్తుండగనే రెండో సీసా పట్టండి. మొదటి దానికన్న రెండోదాంట్ల ఉప్పు బాగ పెరిగితే కింది ఉప్పునీరు ఎగబాకుతున్నట్టు. ఆ రెండు అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తం.

చీరాల నేత
వాచ్‌మన్ మోటారు వేయనంటే కరెంటు లేదని చెబుతాడండి. వీధి దీపం స్తంభం పక్కనున్న టీ బడ్డీలో ఫ్యాను తిరుగుతుందో లేదో చూసి మాట్లాడండి.